పాపకు ఎవరి ఇంటిపేరు

పాప పుట్టి నాలుగు వారాలైనా కాగితం మీద ఇంకా పుట్టలేదు. బర్త్ సర్టిఫికెట్ వస్తేనే పాస్‌పోర్ట్, పాస్‌పోర్ట్ ఉంటేనే విమానం. పురుడు పోయడానికి వరంగల్ నుంచి వచ్చిన అమ్మకు వీసా తొంభై రోజులే, అందులో ఐదు వారాలు మిగిలాయి. ఈలోపు అమ్మతో పాటు పాపను తీసుకుని వెళ్లిపోవాలన్నది నా ఆశ. లేకపోతే జర్మనీలోని ఈ ఎష్‌బోర్న్‌లో మూడో అంతస్తు ఫ్లాట్‌లో చలికాలమంతా నేనూ పాపా. మా ఆయన సోమవారం ప్రాజెక్టుకని వెళ్తే గురువారం సాయంత్రానికి గానీ రాడు.

చిక్కంతా ఆయన ఇంటిపేరుతోనే. ఆయనది కెనడాలో ఫ్రెంచి మాట్లాడే క్యూబెక్. వాళ్ల పూర్వీకుల్లో సైనికులకు ఇంటిపేరుతో పాటు మారుపేరొకటి ఉండేదట. మనవైపు ఉరఫ్ అంటామే, అలా రెండూ కలిపి రాసుకునేవారు. తర్వాత అన్న ఒకటి ఉంచుకుంటే తమ్ముడు రెండోది ఉంచుకున్నాడు. ఈయనకు చర్చి ఇచ్చిన జనన పత్రంలో రెండూ ఉన్నాయి, పాస్‌పోర్ట్‌లో ఒక్కటే. రెండూ ఒక మనిషివేనని కెనడా నుంచి రుజువు తెమ్మన్నారు ఇక్కడ జననాలు నమోదు చేసే ఆఫీసులో. అది రావడానికి నెలలు పడుతుంది.

ఈయన రుజువు కోసమని ఆన్‌లైన్‌లో పాత చర్చి రిజిస్టర్లు తెరిచి అందులోనే మునిగిపోయాడు. నేను పాపను భుజాన వేసుకుని హాల్లో పచార్లు చేస్తుంటే, తొమ్మిదో తరం తాత దొరికాడని ఒకటే సంబరం. నాకు ఒళ్లు మండింది. తాత సంగతి తర్వాత, ముందు ఆ ఆఫీసులో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, తీసుకోమని అరిచాను.

ఆ టెర్మిన్‌లో ఆఫీసావిడ ఇంకో దారి చెప్పింది. నా పాస్‌పోర్ట్‌లో ఏ తికమకా లేదు కాబట్టి పాపకు నా ఇంటిపేరు పెడితే వారంలో సర్టిఫికెట్ ఇస్తామంది. ఈయన ముఖం చిన్నబోయింది. అమ్మ అయితే అగ్గిమీద గుగ్గిలమైంది.

"తల్లి ఇంటిపేరు పెడితే తండ్రి లేని పిల్ల అనుకుంటరు బిడ్డా. పెండ్లయినంక నువ్వు మార్చుకోకపోతే సరే అన్న. గిది మాత్రం నేనొప్పుకోను."

ఆఫీసావిడ మాట వింటే ఇద్దరికీ కోపం. వినకపోతే నాకు ఈ ఫ్లాటే గతి. వంటింట్లో బియ్యం కడుగుతూ ఏడ్చాను.

ఆదివారం నాడు ఈయన, అత్తగారిని మంచి చేసుకోవడానికో ఏమో, పాప వంశవృక్షంలో మా వైపు కూడా నింపుదామని కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆయన వైపు ఆడవాళ్లందరి పుట్టింటి పేర్లూ పైదాకా ఉన్నాయి. వాళ్ల రిజిస్టర్లలో పెళ్లయిన ఆడవాళ్లను కూడా పుట్టింటి పేరుతోనే రాసేవారట. నేను తెలుగులో అడుగుతూ పోయాను. అమ్మ తన పుట్టింటి పేరు చెప్పింది. వాళ్లమ్మదీ చెప్పింది. వాళ్ల అమ్మమ్మది అడిగేసరికి నోరు తెరిచి ఆగిపోయింది. హన్మకొండలో ఉన్న తన అక్కకు ఫోన్ చేసింది. ఆమెకూ తెలియదు.

"నన్ను సాదింది గామెనే," అంది అమ్మ. "ఏ ఇంటి ఆడబిడ్డనో నాకు తెల్వది."

పాపను ఒళ్లోకి తీసుకుని దుప్పటి సర్దింది. తర్వాత, "నీ ఇంటిపేరే రాయి," అంది. ఈయనకు ఆ మాట చెప్తే, నా వైపు చూడకుండా తల ఊపాడు. ఆ వారమే ఇద్దరం వెళ్లి సంతకాలు పెట్టాం.

సర్టిఫికెట్ వచ్చిన రోజు నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. ముగ్గురం కలిసే వెళ్తున్నామని కాగితం అమ్మ చేతిలో పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని, వేలు ఆనించి, ఇంటిపేరు కూడబలుక్కుని చదివింది.

"ఇది మీ నాయినది గదనే," అంది. "గిండ్ల నేను యాడున్న? మా అమ్మమ్మ యాడుంది?"

పాస్‌పోర్ట్ ఫారం ముందు పెట్టుకుని, అదే పేరు మళ్లీ రాశాను.