మామ క్రేన్‌కు పసుపు లైటు

‘ఆ రోజుల్లో’ అని మొదలుపెట్టడానికి నాకింకా వయసు చాలదు. ఇది జరిగి ఆరేళ్లే అయింది. అయినా పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ డిప్లొమా పూర్తిచేసి జహీరాబాద్‌కు తిరిగొచ్చిన ఆ కుర్రాణ్ని, అంటే అప్పటి నన్ను, తలుచుకుంటే ఎప్పటి మనిషో అనిపిస్తాడు. వాడి లెక్కలో లోకంలో రెండే రకాల మనుషులు: నిబంధనలు చదివినవాళ్లు, చదవనివాళ్లు. మొదటి రకంలో వాడొక్కడే ఉన్నాడు. రెండో రకానికి నాయకుడు మా మేనమామ.

మామకు ఒక క్రేన్ ఉంది. ముంబై రోడ్డు మీద బోల్తాపడ్డ లారీలను లేపడం, చెడిపోయినవాటిని షెడ్డుకు లాక్కురావడం దాని పని. దాని నెత్తిన ఎరుపు, నీలం రంగుల్లో మెరిసే లైటు ఉండేది. మామ దగ్గర పనిలో చేరిన వారానికే నేను దాని మీద జాబితా రాశాను. ఒకటి, ఎరుపూ నీలమూ అంబులెన్సు, ఫైరింజను, పోలీసు బండి లాంటివాటికే. రెండు, మనది దారిలో పనిచేసే బండి. దానికి నారింజకు దగ్గరగా ఉండే పసుపు లైటే పెట్టాలి. మూడు, తెలియదనడం సాకు కాదు. (మొత్తం ఏడు అంశాలు. మిగతా నాలుగూ ఈ మూడింటినే ఇంకొంచెం గట్టిగా చెప్పేవి.) మామ టీ తాగుతూ అంతా విని, “మంచిగ సదివినవ్ అల్లుడా. ఇగ గ్రీజు డబ్బా అందుకో” అన్నాడు.

అందుకే ఆయన కోహీర్‌లో పెళ్లికి పోయిన రోజు ఆ లైటు విప్పేసి, పసుపుది బిగించి, పాతదాన్ని పెట్టెలో పెట్టి తాళం వేశాను. మర్నాడు మామ క్రేన్ చుట్టూ ఒకసారి తిరిగాడు.

“ఏంరా, బండికి గీ పసుపు బొట్టు ఎవడు పెట్టిండు?”

“నేనే మామా. రూల్ ప్రకారం...”

“రూల్ నీ కాలేజీల. ఎర్రగ నీలంగ మెరిస్తెనే లారీలోళ్లు జరుగుతరు. గీ దీపాన్ని జూసి ఎవడు జరుగుతడు?”

జరగకపోగా ఎదురొచ్చారు. ఆ పొద్దున్నే మా క్రేన్ షెడ్డు సందులోకి తిరగగానే ఒకావిడ రెండు బకెట్లతో పరుగెత్తుకొచ్చి, “ఓ అన్నా, ఆగు! తడిది, పొడిది వేరేగనే పెట్టిన” అంది. (మున్సిపాలిటీ చెత్త బండికీ అదే రంగు లైటు.) ఇరవై ఏళ్లు లారీలు లేపిన మనిషి ఆ బకెట్లను చూసిన చూపు నేను మర్చిపోలేను. “సోమవారం దాక టైమిస్తున్న. పాత లైటు పెడ్తవా, బండి దిగుతవా?”

“దిగుత మామా. లైటైతే పెట్ట.”

దిగితే నాకు వేరే పని లేదు. ఇంటికి పోదామంటే, మామ మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. ఆమె గుమ్మం దాటనిచ్చేది కూడా అనుమానమే. అయినా శనివారం అడిగాడు, పెట్టనన్నాను. ఆదివారం అడిగాడు, పెట్టనన్నాను.

సోమవారం పొద్దున చిరాగ్‌పల్లి దగ్గర ఉల్లిగడ్డల లారీ పడిందని ఫోను వచ్చింది. దారిలో ఒకచోట మరమ్మతులకని సగం రోడ్డు మూసేశారు. మిగిలిన సగంలో మా ముందు చెరుకు ట్రాక్టరు నింపాదిగా పోతోంది. ఇంతలో వెనక నుంచి అంబులెన్సు కూత వినిపించింది. ట్రాక్టరు తప్పుకుంటే తప్ప ఎవరికీ దారి లేదు. నేను దూకి, ముందుకు పరుగెత్తాను.

“తాతా, జర పక్కకు దింపు! అంబులెన్సు!”

“దింప. మొన్న గిట్లనే ఎర్రగ నీలంగ మెరుసుకుంట వస్తే అంబులెన్సని దింపిన. ట్రాలీ బోర్ల పడ్డది. తీరా జూస్తే క్రేనొచ్చింది, క్రేను! మల్ల మోసపోత అనుకున్నవా?”

నా చెయ్యి జేబులోని జాబితా మీదికి పోయింది. వెనక్కి చూస్తే మామ. అప్పటికే దిగి వచ్చాడు, అంతా విన్నాడు. ఆయన ముఖం ఉల్లిపొర రంగుకు తిరిగింది.

“ఆ క్రేను నాదే పెద్దాయనా. తప్పయింది. గిది మాత్రం అంబులెన్సే. నువ్వు దింపు, బోర్లపడ్తె నేనే లేపుత.”

తాత ఆయన్ని ఎగాదిగా చూశాడు. “లేపకపోతే మీ ఊరికొచ్చి కూసుంట” అని స్టీరింగు తిప్పాడు. దాని వెనకే మామ క్రేన్‌నూ పక్కకు తీశాడు. అంబులెన్సు దూసుకుపోయింది. అందులో ఎవరున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. చెప్పినట్టే ట్రాలీ ఒక పక్కకు ఒరిగింది. దాన్ని సరిచేసి, చెరుకంతా మళ్లీ ఎక్కించేసరికి మధ్యాహ్నమైంది. ఉల్లిగడ్డల లారీని వేరే క్రేనువాళ్లు లేపుకుపోయారు.

తిరిగొచ్చేటప్పుడు నేను గడువు సంగతి ఎత్తలేదు. జహీరాబాద్ దగ్గరపడ్డాక మామే అన్నాడు: “పసుపుదే ఉండనియ్. నువ్వు గూడ ఉండు. గని గా లిస్టు మాత్రం మల్ల సదువకు.”

నా వాదన నెగ్గిందని ఆ రాత్రి అమ్మకు గొప్పగా చెప్పాను. నెగ్గింది నా వాదన కాదు, చెరుకు తాత కోపం. అది అర్థం కావడానికి నాకు రెండేళ్లు పట్టింది. జేబులో జాబితాతో, గుండీలన్నీ పెట్టుకుని, లోకాన్ని దిద్దడానికి బయల్దేరిన ఆ కుర్రాడు ఇప్పుడు ఎదురైతే ముందు ఒక టీ ఇప్పిస్తాను, నోరు కాస్త తగ్గించుకోమంటాను. పాత లైటు మళ్లీ పెట్టమని మాత్రం చచ్చినా అనను.