పులప్ప రాయికి సున్నం

1982 ఫిబ్రవరి 11, గురువారం. ఎండ బాగా ఉంది, గాలి లేదు. స్థలం: ఉద్దనపల్లి దాటాక మా ఊరి పొలిమేర, మూడు వీరగల్లులున్న చోటు. హాజరైనవారు: పురావస్తు శాఖ అధికారి, మా పంచాయతీ ప్రెసిడెంటు, పులప్పను కొలిచే ఇంటి అవ్వ, ఆమె కొడుకు, నేను. రోడ్డు కాంట్రాక్టరుకు కబురు పెట్టాము, రాలేదు.

ఆనాటి డైరీలో మొదటి పంక్తులు ఇవి. సర్వే శాఖలో పనిచేసినంత కాలం ఏ చోటికి వెళ్ళినా ముందు తేదీ, తర్వాత ఎవరెవరు వచ్చారు, ఆ తర్వాతే విషయం రాసేవాణ్ణి. ఉద్యోగం ముగిసింది, అలవాటు పోలేదు. ఆ పేజీ ఎప్పుడు తీసినా ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద కోపం అంటే మాత్రం ఒక్కరిని చూపించలేను. అదే నా బాధ.

తమిళనాడు అంచున ఉన్న మా తాలూకాలో వీరగల్లు లేని ఊరు తక్కువ. పశువుల కోసమో ఊరి కోసమో పోరాడి చచ్చిన మనిషి గుర్తుగా పూర్వం నిలబెట్టిన రాళ్ళవి. మా పొలిమేరలో మూడు ఉండేవి. రెండింటి మీద బొమ్మలు అరిగిపోయాయి, వాటిని పట్టించుకునేవాళ్ళు లేరు. మూడోది మనిషి నడుము కంటే ఎత్తు. కత్తి పట్టిన వీరుడు పులి నోట్లో పొడుస్తుంటాడు. పులి కాళ్ళ కింద, నేలకు దగ్గరగా, పాత అక్షరాలు. ఊళ్ళో దాన్ని పులప్ప అనేవాళ్ళు. ఒక రైతు కుటుంబానికి అది ఇంటిదేవుడు. ఆ ఇంట్లో బిడ్డ పుడితే పుట్టెంట్రుకలు ఆ రాయి ముందే తీయాలి. కొత్త రాగులు వచ్చినప్పుడు మొదటి సంగటి ముద్ద ఆ రాయికే పెట్టాలి. ఏటా నూనె పోసి, కోడిని కోసేవాళ్ళు.

హోసూరులో ఫ్యాక్టరీలు వచ్చాక లారీలు పెరిగి, మా వైపు రోడ్డును వెడల్పు చేయాలని నిర్ణయించారు. కొత్త కొలతల ప్రకారం రోడ్డు సరిగ్గా ఆ మూడు రాళ్ళ మీదుగా పోతుంది. ఆ కొలతలు నా చేతి మీదుగానే వెళ్ళాయి కాబట్టి ఊళ్ళో అందరికంటే ముందు నాకే తెలిసింది. అడ్డొచ్చిన రాతిని పగలగొట్టి కంకరలో కలపడం ఆ కాలంలో మామూలు. రోడ్డును ఒక బారెడు పక్కకు జరపండి అంటే, ఏ ఆధారంతో జరపాలి అని రోడ్డు శాఖవాళ్ళు అడిగారు. ప్రభుత్వం కాపాడే స్థలంగా ప్రకటిస్తే సరి, లేకపోతే లేదు.

సరే, పురావస్తు శాఖకు రాశాను. పటం గీసి పంపాను. రసీదు లాంటి జవాబు ఒకటి వచ్చింది. మళ్ళీ రాశాను. జిల్లా నిండా ఇలాంటి రాళ్ళున్నాయి, అన్నింటికీ బోర్డు పెట్టలేము, రాత ఉన్నదైతే చూస్తాము అన్నారు. రాత ఉందని మళ్ళీ రాశాను. ధర్మపురికి బస్సు మీద పోయి, ఎవరి బల్ల దగ్గర నా కాగితం ఆగిందో కనుక్కుని, అక్కడి నుంచి కదిలించాను. అప్పటికి కృష్ణగిరి, హోసూరు అన్నీ ధర్మపురి జిల్లాలోనే. రెండేళ్ళు తిరిగాక అధికారి వస్తున్నాడని కబురొచ్చింది. ఆయన అక్షరాలను చూసి, వాటి అచ్చు తీసుకుంటే ప్రకటన వస్తుంది. రోడ్డు పక్కకు జరుగుతుంది. రాళ్ళు ఉన్నచోటే ఉంటాయి. నాకు కావలసింది అంతే.

ప్రెసిడెంటుతో రెండు రోజుల ముందే చెప్పాను: ఆ రాళ్ళ చుట్టూ కంప కొట్టించు, అధికారి నిలబడటానికి చోటుండాలి. “నాకు వదిలేయన్నా, ఊరి మానం కాపాడతా” అన్నాడు.

గురువారం ఉదయం అధికారి బస్సు దిగిన చోటు నుంచే మొదలైంది. రోడ్డు పక్కన ప్రతి మైలురాయికీ, ప్రతి గుండుకూ సున్నం. సున్నం మీద ఎర్రమన్ను పట్టెలు. కలెక్టరు వచ్చినా మంత్రి వచ్చినా మా వైపు చేసే మర్యాద అది. రాయి కనిపిస్తే సున్నం కొట్టాలి. పొలిమేర చేరేసరికి మూడు వీరగల్లులూ పెళ్ళిపందిరి గుంజల్లా తెల్లగా మెరుస్తున్నాయి. పులప్పకు రెండు పూతలు. కత్తి లేదు, పులి లేదు, అక్షరం లేదు. నడుముకు అడ్డంగా ఎర్ర పట్టె ఒకటి.

“ఏందప్పా ఇది?” అన్నాను.

“బాగుండ్లేదా?” అన్నాడు ప్రెసిడెంటు. “సార్ చూసేది ఈ రాళ్ళే కదా అని ఈటికి ఒక పూత ఎక్కువ కొట్టించినా. మిగతా వాటికి ఒక పూతే.”

“రాతలు చదవడానికి వచ్చినాడప్పా ఆయన!”

“చదివితే ఏమొస్తాదన్నా? ఆ పులప్ప వచ్చి నాకు ఓటేస్తాడా?” అని నవ్వాడు. నా మొహం చూసి నవ్వు ఆపాడు. “నువ్వు కంప కొట్టమన్యావు, కొట్టించినా. సున్నం వద్దని చెప్పినావా?”

చెప్పలేదు. ఇంటికి నిప్పు పెట్టొద్దని ఎవరైనా చెబుతారా?

అధికారి వయసులో నాకంటే చిన్నవాడు, నెమ్మదస్తుడు. మాట్లాడింది తమిళం, నేను తెలుగులో రాస్తున్నాను. సంచిలోంచి బ్రష్షు తీశాడు, మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు. తడి కాగితం పరచి, బ్రష్షుతో తట్టి, సిరా అద్దితే అక్షరాలు కాగితం మీదికి వస్తాయి. సున్నం మీద అది పనికిరాదు. “గీకకండి, అక్షరాలు పోతాయి. తడి గోనెసంచులు చుట్టి ఉంచండి, మెత్తబడుతుంది. నేను హోసూరులోనే ఉంటాను, రేపు ఉదయం మనిషిని తెచ్చి నేనే కడిగి అచ్చు తీస్తాను” అన్నాడు. నాకు పోయిన ప్రాణం తిరిగి వచ్చింది.

అప్పటిదాకా పక్కన కూర్చుని వక్కాకు నములుతున్న అవ్వ లేచి దగ్గరికి వచ్చింది. ఆ కుటుంబానికి పెద్ద దిక్కు ఆమే.

“ఏం నాయినా, కడిగినాక ఏం చేస్తారంట?” అని నన్ను అడిగింది.

“నీలం బోర్డు పెడతారవ్వా. చుట్టూ కంచె వేస్తారు. ఎవురూ ముట్టుకోగూడదు అని రాస్తారు.”

“ఎవురూ అంటే మేమూనా?”

ఆ ప్రశ్న తమిళంలో అధికారికి చెప్పాను. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. అక్కడ నాలుగు మంచి మాటలు చెప్పి తప్పించుకుని ఉంటే ఈ కథ వేరేగా ఉండేది. పూలు పెట్టుకోవచ్చు, దూరం నుంచి దణ్ణం పెట్టుకోవచ్చు అన్నాడు. నూనె పోస్తే అక్షరాల సందుల్లో పేరుకుంటుంది కాబట్టి కూడదు. కోడి అసలు కూడదు. అక్కడ గుండు గీయించుకోవడం కూడా కుదరదు.

అవ్వ మనవడికి వచ్చే నెలలో పుట్టెంట్రుకలు తీయాలి. ఆ సంగతి నాకూ తెలుసు.

“మీ గవర్నమెంటు మా సామిని ఎవురి నుంచప్పా కాపాడేది?” అంది.

“రోడ్డు వాళ్ళ నుంచవ్వా.”

“ఆ రోడ్డు వేసేది ఎవురు?”

“గవర్నమెంటే.”

ప్రెసిడెంటు పగలబడి నవ్వాడు. “అడగవ్వా, ఇంగా అడుగు! సర్వేయరన్నకు ఈ మాట అడిగేవాళ్ళే లేరు ఇన్నాళ్ళూ.”

“నవ్వింది చాల్లేప్పా, సామి మొగానికి సున్నం పూసినోడివి” అని అవ్వ అతని వైపు చూడకుండానే అంది. అతను తలపాగా సర్దుకుని పక్కకు తిరిగాడు.

నేను ఆమెకు వివరించాలని చూశాను. బోర్డు లేకపోతే రాయే ఉండదు, కంకర అయిపోతుంది, అప్పుడు నూనె దేనికి పోస్తావు అన్నాను. నూనె సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు రాయి ఉన్నచోట నిలబడనీ అన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే నా మాటల్లో తప్పేమీ లేదు. వినేవాళ్ళకు పనికివచ్చేది కూడా ఏమీ లేదు. మా వైపు ఒక కొండకోట కింద అలాంటి నీలం బోర్డు ఆమే చూసింది. బోర్డు ఉంది, గోడ కూలింది, గోడ రాళ్ళతో ఎవరో పశువుల దొడ్డి కట్టుకున్నారు. బోర్డు కాపాడుతుందని నేను చెబితే ఆమె ఎందుకు నమ్మాలి?

“రాయి పక్కకు జరిగితే?” అని ఆమె కొడుకు మెల్లగా అడిగాడు. ఆ రోజంతా అతను మాట్లాడింది అదొక్కటే.

అధికారికి చెప్పాను. ఉన్నచోట ఉంటేనే స్థలంగా ప్రకటించడం, కదిపితే అది వట్టి రాయి, మ్యూజియానికి పంపమని రాయాలి తప్ప రోడ్డును ఆపలేము అన్నాడు. ఈ మాట కూడా నేనే తెలుగులో పూసగుచ్చినట్టు చెప్పాను. మ్యూజియం అన్న ముక్క వినగానే తల్లీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“సరే నాయినా, సంచులు మేమే చుడతాంలే. ఇంట్లో ఉండాయి” అంది అవ్వ. నాకు సంతోషమైంది. అధికారిని బస్సు ఎక్కించాను. డైరీలో ఆ రోజు చివరి మాట: పని సగం అయింది.

మర్నాడు, శుక్రవారం ఉదయం, అధికారినీ ఆయన మనిషినీ బస్టాపు నుంచి వెంటబెట్టుకుని పొలిమేరకు నడిచాను. రెండు తెల్లరాళ్ళు నిలబడి ఉన్నాయి. వాటి మధ్య గుంత. గుంత అంచున తడి గోనెసంచులు, పిండి మడిచి పెట్టి ఉన్నాయి. పక్కన బండి చక్రాల జాడ. ఆ జాడ వెంట పోతే అవ్వ వాళ్ళ కళ్ళం. అక్కడ పులప్ప తూర్పు ముఖంగా నిలబడి ఉన్నాడు. చింతపండు నీళ్ళతో, కొబ్బరి పీచుతో తోమినట్టున్నారు, సున్నం ఆనవాలు లేదు. ఒళ్ళంతా నూనె కారుతోంది. కత్తి, పులి, వీరుడి మీసం అన్నీ నేను ఎన్నడూ చూడనంత స్పష్టంగా ఉన్నాయి. గట్టిగా నిలబడాలని లోతుగా గుంత తీసి, పులి పొట్ట దాకా పాతేశారు. అక్షరాలు భూమిలో ఉన్నాయి.

అవ్వ రాయికి ఆనుకుని కూర్చుని ఉంది. కొడుకు, ఇంకో ఇద్దరు బంధువులు చేతులు కట్టుకుని వెనక నిలబడ్డారు.

“ఇప్పుడు రోడ్డూ రాదు, బోర్డూ రాదు నాయినా” అంది. “నీ పుణ్యమే. నువ్వు చెప్పకపోతే మాకు తెలిసేదా?”

ఎగతాళి కాదు, నిజంగానే అంది. నేను మిగతా రెండు రాళ్ళ గురించి అడిగాను, వాటి గతేమిటని. “ఆటికి ఎవురుండారప్పా?” అంది. వాటి కోసం మాట్లాడటానికి నేనున్నాను అనాలనుకున్నాను, అనలేదు. రాత లేని రాళ్ళకు బోర్డు రాదని ఆ క్షణాన అక్కడున్నవాళ్ళలో అందరికంటే బాగా తెలిసింది నాకే.

తవ్వించమంటారా అని అధికారి మనిషి అడిగాడు. అధికారి అవ్వను చూసి, వద్దన్నాడు. మేము వెనక్కి వచ్చాము. గుంత దగ్గర ఆయన ఆగాడు. ఇంత దూరం వచ్చి ఏమీ రాసుకోకుండా పోలేనని, సంచిలోంచి టేపు తీసి, ఒక కొస నా చేతికిచ్చాడు. నేను గుంత ఇవతలి అంచున కూర్చుని దాన్ని గట్టిగా పట్టుకున్నాను. ఆయన అవతలి అంచుకు పోయి వెడల్పు కొలిచాడు, తర్వాత లోతు కొలిచాడు.