బావ కట్టిన చేపల పెట్టె

మా బావ పోయాడు. లక్సెట్టిపేట బస్టాండులో చాయ్ తాగుతున్నాను. గనుల దిక్కు నుంచి వచ్చిన బస్సు కండక్టరు నన్ను చూసి దిగీ దిగకముందే, "సారూ, మీ బావ పోయిండు. అక్క జల్ది రమ్మన్నది" అన్నాడు. గ్లాసు అక్కడే పెట్టేసి, తిరిగిపోయే అదే బస్సు ఎక్కాను. దగ్గు ఆయన్ని చాలా కాలంగా తింటూనే ఉంది. అయినా ఆ మాట వినడానికి నేను సిద్ధంగా లేను.

దహనం అయ్యాక వాకిట్లో కూర్చున్న వాళ్లంతా ఆయన మంచితనం గురించి మాట్లాడారు. నాకు మంచి మాటలు నోటికి రాలేదు. కోపం వచ్చింది. ఇది రాస్తుంటే కూడా అది తగ్గలేదు, చదివేవాళ్లు మన్నించాలి.

బావ వడ్ల పనివాడు, అంటే వడ్రంగి. పోయేదాకా బొగ్గు గనుల కంపెనీ షెడ్డులో బదిలీ కూలీగానే ఉన్నాడు. పర్మినెంటు మనిషి రాని రోజు బదిలీవాడికి పని. వస్తే ఇంటికి. పొద్దున్నే గేటు ముందు నిలబడి ఎవరు రాలేదో చూసుకోవాలి. "ఇంకొకనికి జరమొస్తెనే మా ఇంట్ల పొయ్యి అంటుకుంటది బామ్మర్దీ" అని నవ్వేవాడు. బదిలీవాడికి కంపెనీ క్వార్టరు ఇవ్వరు. కాలనీ కంచె బయట గుడిసెల వరుసలో కాపురం. అక్క ఇప్పుడూ అక్కడే ఉంది.

ఆయనంత పనితనం ఉన్నవాడు పర్మినెంటు ఎందుకు కాలేదని ఆ వాకిట్లోనే ఒకాయన అడిగాడు. ఒక చేపల పెట్టె వల్ల కాలేదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో మాట. ఆఫీసర్ల క్లబ్బు సెక్రెటరీ బొంబాయిలో అద్దాల ఇంట్లో చేపలు తిరగడం చూసి వచ్చాడు. మన క్లబ్బు హాల్లోనూ అలాంటిది ఉండాలి, ఎవరు చేస్తారని షెడ్డుకొచ్చి అడిగాడు. బావ ముందుకొచ్చాడు. "బాగా చేశావంటే నిన్ను పర్మినెంటు చేయిస్తానయ్యా" అన్నాడు సెక్రెటరీ. బావ అంతటితో ఊరుకోలేదు. "ఒక్క ఆయితారం మా గుడిసెలోళ్లను లోపలికి రానియ్యాలె దొరా. చూసి పోతరు" అని అడిగాడు. కూలీల ఇళ్ల వాళ్లు క్లబ్బు గేటు దాటిన రోజు లేదు. సెక్రెటరీ సరేనన్నాడు.

ఆ ఎండాకాలం సెలవుల్లో నేను వాళ్లింట్లోనే ఉన్నాను. పెట్టె కాదు, పెళ్లిపందిరి అంత చేశాడు. వాకిలంతా అదే. ప్లైవుడ్ పలకల్ని రెండు వరసలుగా అతికించి, చుట్టూ టేకు చట్రం బిగించాడు. వేళ్ల కణుపులతో పలకంతా కొట్టుకుంటూ పోయేవాడు. ఎక్కడైనా బోలుగా మోగిందా, విప్పి మళ్లీ అతికించాల్సిందే. ముందు వైపుకి ఆఫీసు బల్ల మీది మందపాటి అద్దం ఇచ్చారు. ఎడ్లబండి కుదుపులకు పగులుతుందని దాన్ని క్లబ్బులోనే బిగించాలనుకుని, అందాకా అక్కడ చెక్క కొట్టి ఉంచాడు.

"మనుషులు పండేతందుకు జాగ లేదు గని, చేపలకు బంగ్ల కడుతుండు" అని అక్క సణిగేది. సణుగుతూనే పలక ఆ చివర పట్టుకునేది.

మొదట లోపలంతా తారు పూశాడు. చుక్క నీరు కారలేదు. పరీక్షకని వదిలిన చిన్న చేపలు మాత్రం తెల్లారేసరికి పొట్టలు పైకి పెట్టి తేలాయి. తారంతా గీకి పారేశాడు. గోదావరి ఒడ్డుకు పోయి పడవలవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్లు పడవ సందులు ఎట్లా పూడుస్తారో చూసి వచ్చాడు. గుగ్గిలం నూనెలో కాచి, గుడ్డపేలికలు ముంచి సందుసందునా కుక్కాడు. నీళ్లు నింపడం, పారబోయడం, మళ్లీ నింపడం. వాసన పోయేదాకా అదే పని. పెట్టెకు తలంట్లు పోస్తున్నాడని వాడంతా ఎగతాళి చేసింది.

అసలు పనితనం వెనకాల ఉంది. పెట్టె లోపలే వెనక వైపు అడ్డగోడ పెట్టి మూడు అరలు చేశాడు. మురికి నీళ్లు పైనుంచి మొదటి అరలోకి పొర్లి, గులకరాళ్లలోంచి, కట్టెబొగ్గులోంచి, ఇసుకలోంచి దిగి తేటవుతాయి. బొగ్గు గనుల ఊళ్లో ఉండి కట్టెబొగ్గు కోసం ఇస్త్రీ చేసేవాళ్లింటికి పోవాల్సి వచ్చిందని నేను నవ్వితే, ఆయనా నవ్వాడు. తేటనీళ్లను మళ్లీ పైకి ఎక్కించాలి కదా? పాత లారీ ట్యూబులో సైకిలు పంపుతో గాలి కొట్టి, సన్నటి గొట్టంతో ఆ గాలిని ఒక నిలువు గొట్టం అడుగుకి వదిలాడు. బుడగలు పైకి పోతూ నీళ్లను తమతో ఎత్తుకుపోయి ముందు వైపు పోసేవి.

"కొర్రమట్టలు బురదలనే బతుకుతయి గద బావా, గింత తిప్పలెందుకు?" అన్నాను.

"చేపకేం ఫికర్ లేదు. ఫికరంతా చూసేటోనిది" అన్నాడు. "మీ అక్క పుట్టినకాడికెల్లి చేపలు తోముతున్నది. పైకెల్లి చూసింది, పళ్లెంల చూసింది. పక్కకెల్లి ఎన్నడన్న చూసిందా?"

క్లబ్బులో అద్దం బిగించి, నీళ్లు తేటపడ్డాక కొర్రమట్టల్ని వదిలారు. మిరుగు, అదే మృగశిర కార్తె మొదటి రోజు, వెళ్లాక వచ్చే ఆదివారం గుడిసెల వాళ్లను పంపమన్నాడు సెక్రెటరీ. అక్క ట్రంకు పెట్టెలోంచి మంచి చీర తీసి మడతలు సాపు చేసుకుంది.

మిరుగు నాడు మా దిక్కున చేప తినని ఇల్లుండదు. బజార్లో చేపలు దొరకవేమోనని ముందే కొర్రమట్టల్ని తెచ్చి, కాగులో నీళ్లు పోసి బతికించి ఉంచుకుంటాం. ఆ రోజు క్లబ్బుకు పెద్ద అతిథులు వచ్చారు. బజార్లో చేపలు అయిపోయాయి. వంటాయన హాల్లో ఉన్న పెట్టెను చూశాడు. ఆయన కంటికి అది అద్దం పెట్టిన పెద్ద కాగు. చేపను చూసుకోవడానికి పెంచుతారని ఆయన ఎన్నడూ వినలేదు. అయినా సెక్రెటరీని అడిగాడు. సెక్రెటరీ తీసుకోమన్నాడు.

మర్నాడు గాలి కొట్టడానికి పోయిన బావకు ఆ వంటాయనే సంబరంగా చెప్పాడు. "మస్తు తాజగుండె అన్నా! నీ పెట్టె పుణ్యాన ఒక్కటి గూడ సావలే."

వంటాయన మీద నాకు కోపం లేదు. సెక్రెటరీకి అంతా తెలుసు. ఆదివారం ఎవరొస్తారో తెలుసు, మాటిచ్చింది ఆయనే. "చేపలే కదయ్యా, మళ్లీ వేయిద్దాం. మా అతిథులు ఎంత మెచ్చుకున్నారనుకున్నావ్! వంటింట్లోకి ఇలాంటిదే ఇంకొకటి చేసిపెట్టు, నీ పర్మినెంటు సంగతి నేను చూస్తాను" అన్నాడు.

"గది కాగు కాదు దొరా. ఇంకోటి నేను చెయ్య" అన్నాడు బావ.

అంతే. ఆ ఒక్క మాటకు మిగిలిన బతుకంతా గేటు ముందు నిలబడ్డాడు. ఆయన తర్వాత వచ్చినవాళ్లు పర్మినెంటు అయ్యారు, క్వార్టర్లు తీసుకున్నారు. ఆయన వంతు రాలేదు. క్లబ్బువాళ్లు ఆ పెట్టెలో ఐసు పోసి సోడా సీసాలు పెట్టుకున్నారని విన్నాను. నీళ్లు కారవు కదా, ఎందుకు వదులుతారు? ఒక్కసారి కూడా ఆయన దాని గురించి నా దగ్గర ఏడవలేదు. ఆయన బదులు నేను ఇన్నేళ్లూ తిట్టుకుంటూనే ఉన్నాను.

ఆ ఆదివారం సంగతి మాత్రం చెప్పాలి. పొద్దున్నే బావ వాడంతా తిరిగి, "చేపలు లెవ్వు, పోవుడు వద్దు" అని చెప్పాడు. అప్పటికే అందరూ తలలు దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని బయటికొచ్చారు.

"పెట్టె ఉన్నది గదా. నడువు" అంది అక్క.

సెక్రెటరీ ముందిచ్చిన హుకుం అలాగే ఉంది, గేటువాడు ఆపలేదు. గేటు దగ్గర ఎవరూ చెప్పకుండానే అందరూ చెప్పులు విడిచారు. హాల్లో పెట్టె ముందు గుంపుగా చేరారు. గొట్టంలో బుడగలు ఎక్కుతున్నాయి. నీళ్లు ఉన్నాయో లేవో తెలియనంత తేటగా ఉన్నాయి. బావ గోడకానుకుని తల వంచుకున్నాడు. చేపలేవని ఎవరూ అడగలేదు.

అక్క ముందుకు పోయి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, అద్దం మీద వేలు పెట్టింది.

"అగో, గా మూలకెల్లి వస్తున్నది" అంది. వేలు మెల్లగా జరిగింది. "అగో, మల్లింది. ఎంత పొడుగున్నదో సూడుండ్రి."

వెనక నిలబడ్డ వాళ్లంతా ఒకరి భుజం మీంచి ఒకరు వంగి, ఆ ఖాళీ నీళ్లలో అక్క వేలు పోయిన దిక్కల్లా చూశారు.