వంటింటి కిటికీలోంచి వచ్చిన రాయి

నా చిన్నప్పటి సంగతుల్లో చాలావాటికి నేను హామీ ఇవ్వలేను. అమ్మ చెప్పగా విన్నవీ, ఫొటోల్లో చూసి నావేననుకున్నవీ వాటిలో కలిసిపోయి ఉంటాయి. ఇప్పుడు రాయబోయే మూడు రోజుల విషయంలో మాత్రం, ఏది నా కళ్ళతో చూశానో, ఏది చూశాననుకున్నానో విడదీసి చెప్పగలను. అలా విడదీయడం నేర్చుకున్నది ఆ మూడు రోజుల్లోనే.

అప్పుడు నాకు పదకొండేళ్ళు. నాన్న డాక్టరు. అమెరికా మిడ్‌వెస్ట్‌లో, మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో పనిచేసేవారు. ఆ ఊళ్ళో తెలుగు వినిపించే ఇల్లు మాదొక్కటే. నాన్న తమ్ముడు, మా బాబాయి, గంట దూరంలో ఉన్న యూనివర్సిటీలో రాళ్ళ మీద పరిశోధన చేసేవాడు. పెళ్ళి కాలేదు. శని, ఆదివారాలు మా ఇంట్లోనే ఉండేవాడు. ఖాళీ పెరుగు డబ్బాల్లో రాళ్ళు నింపి మా బేస్‌మెంట్‌లో వరసగా పేర్చేవాడు.

మా ఇంటికి అర మైలు దూరంలో ఒక సున్నపురాయి క్వారీ ఉండేది. వారానికి రెండు మూడుసార్లు అక్కడ సైరన్ మోగేది. కాసేపటికి వాళ్ళు బండలు పేల్చగానే నేల అదిరి, అల్మారాలో గిన్నెలు గలగలమనేవి. ఊరి వాళ్ళకు అది గోడ గడియారం చప్పుడులాంటిది, విన్నా వినపడదు. బాబాయికి మాత్రం ఆ గొయ్యి అంటే ప్రాణం. కోట్ల సంవత్సరాల కిందట ఆకాశం నుంచి వచ్చిపడిన ఒక పెద్ద రాయి ఆ నేలను చీల్చేసిందని, పడుకుని ఉండాల్సిన రాతిపొరలు ఆ దెబ్బకు నిలువునా లేచి నిలబడ్డాయని చెప్పేవాడు. పగిలిన ఆ రాళ్ళ సందుల్లోకి తర్వాత వేడినీళ్ళు చేరి తెల్లటి చారలుగా గడ్డకట్టాయి. గడ్డకడుతూ కడుతూ, కంటికి కనపడనంత చిన్న నీటిచుక్కలను తమలోనే మూసేసుకున్నాయి. ఆ చుక్కలను మైక్రోస్కోపు కింద వేడిచేసి, ఆనాటి నీళ్ళు ఎంత వేడిగా ఉండేవో కనిపెట్టడం బాబాయి పని.

ఇరాన్‌లో అమెరికన్లను బందీలుగా పట్టుకున్న రోజులవి. ఎదురింటి అబ్బాయి నాకంటే రెండేళ్ళు పెద్ద. స్కూలు బస్సులో నా జడ పట్టి లాగి, "గో బ్యాక్ టు ఇరాన్!" అనేవాడు. మాది ఇండియా అంటే, "సేమ్ థింగ్!" అని పక్కవాళ్ళను నవ్వించేవాడు. ఒకనాడు వెనకనుంచి నా తలను ముందు సీటు ఇనుపకడ్డీకేసి కొట్టాడు. పెదవి చిట్లింది. ఇంట్లో మెట్ల మీద పడ్డానని చెప్పాను. ఆ రక్తం రుచి మాత్రం మింగలేకపోయాను.

ఏప్రిల్‌లో ఒక గురువారం, స్కూలు నుంచి వచ్చి డైనింగ్ టేబుల్ దగ్గర లెక్కలు చేసుకుంటున్నాను. అమ్మ సింకు దగ్గర బియ్యం కడుగుతోంది. ఉన్నట్టుండి కిటికీ అద్దం పేలినట్టు పగిలింది. అమ్మ కేక కూడా వేయలేదు. తల వెనక్కి విరిగినట్టయి నేలమీద పడిపోయింది. ఎడమ కనుబొమ్మ పైన చర్మం తెరుచుకుని లోపలి తెలుపు కనిపించింది. మరుక్షణం ఆ తెలుపు కూడా ఎర్రబడింది. గిన్నె బోర్లాపడి బియ్యం కడుగునీళ్ళు ఆమె జుట్టు కిందకి పారాయి. పక్కనే పిడికిలంత రాయి. నేను పగిలిన కిటికీలోంచి బయటికి చూశాను. రోడ్డుకు అవతల తన ఇంటి ముందు ఆ అబ్బాయి మా వైపే చూస్తూ నిలబడి ఉన్నాడు.

నేను చూసింది ఇంతే.

అమ్మకు పదకొండు కుట్లు పడ్డాయి. ఆసుపత్రిలోనే ఉంచారు. సాయంత్రం నాన్నతోపాటు షెరిఫ్ ఆఫీసు మనిషి వచ్చాడు. రాయిని అటూ ఇటూ తిప్పి చూసి మళ్ళీ వంటగట్టు మీదే పెట్టాడు. నాన్న చొక్కా మీద అమ్మ రక్తం ఇంకా ఆరలేదు.

"కళ్ళారా చూశావా?" అని అడిగారు నాన్న.

"చూశాను నాన్నా. వాడే. చెయ్యెత్తి విసిరాడు."

నాన్న దాన్ని ఇంగ్లీషులో చెప్పారు. సోమవారం నన్ను ఆఫీసుకు తీసుకొస్తే వాఙ్మూలం రాసుకుంటానన్నాడు ఆ మనిషి. వాడిమీద ఇదివరకే ఒక గొడవ ఉందని, నా మాట కాగితం మీదకెక్కితే ఈసారి పిల్లల జైలు తప్పదని కూడా అన్నాడు. తర్వాత రోడ్డు దాటి ఎదురింటి తలుపు కొట్టి, మాట్లాడి వెళ్ళిపోయాడు.

అతని కారు మలుపు తిరగకముందే ఆ అబ్బాయిని వాళ్ళ నాన్న జుట్టు పట్టి బయటికి లాక్కొచ్చాడు. నడుము నుంచి బెల్టు ఊడదీశాడు. కొట్టింది తోలువైపు కాదు, బకిల్ వైపు. అబ్బాయి పచ్చికలో ముడుచుకుపోయి, "ఐ వజ్ ఇన్ ద బేస్‌మెంట్! ఐ కేమ్ అవుట్ వెన్ ఐ హర్డ్ ఇట్!" అని అరుస్తూనే ఉన్నాడు. బెల్టు చేతిలోంచి జారిపోయాక ఆయన పిడికిలితో చెవిమీద గుద్దాడు. అరుపు ఆగింది. కర్టెన్ చాటునుంచి నేనంతా చూశాను. ఇది మాత్రం నిజంగా చూశాను. "ఇంకా కొట్టు" అనుకున్నాను. ఆ మాట దాచిపెడితే ఇక ఇదంతా రాయడం దండగ.

శుక్రవారం రాత్రి బాబాయి వచ్చాడు. శనివారం ఉదయం నేను లేచేసరికి, బయట స్టూలెక్కి కిటికీ మీది అల్యూమినియం చూరును వేలితో తడుముతున్నాడు. నాన్నకు ఒళ్ళు మండింది. "మీ వదిన అక్కడ కుట్లతో పడుంటే నీకు రేకుల ముచ్చటేమిట్రా!" అని కేకలేశారు. బాబాయి దిగొచ్చి, రాయిని రుమాలులో చుట్టుకుని, "సాయంత్రానికి తీసుకొచ్చేస్తాను అన్నయ్యా, దీన్ని కాస్త ల్యాబ్ చూపించి తెస్తాను" అన్నాడు. దీన్ని అంటే రాయిని అనుకున్నాను. కాదు, నన్ను.

దారిలో ఆ రాయి గురించి మాట్లాడలేదు. ల్యాబ్‌లో, క్వారీ నుంచి ఎప్పుడో తెచ్చి గాజులా పలుచగా కోసిపెట్టిన ఒక రాతిముక్కను మైక్రోస్కోపు కింద పెట్టాడు. ముక్క చుట్టూ వేడిచేసే లోహపు పళ్ళెం ఉంది. చూడమన్నాడు. నీళ్ళ చుక్క, దానిలో ఒక చిన్న బుడగ. బుడగ నిలకడగా లేదు, బోనులో ఎలుకలా గోడలకు కొట్టుకుంటోంది.

"వేడెక్కిస్తే నీళ్ళు ఉబ్బుతాయి. చోటు చాలక బుడగ చిన్నదై చిన్నదై మాయమైపోతుంది. ఏ డిగ్రీ దగ్గర పోయిందో అదే మనకు కావలసింది. తొందరపడి ఎక్కువ వేడిచేశామా, రాయే లోపలినుంచి పేలిపోతుంది. ఈ చుక్క నూట నలభై దగ్గర పోతుంది. నేను అంకెలు చదువుతాను. పోగానే చెప్పు. రెప్ప వెయ్యకు."

నేను రెప్ప వెయ్యలేదు. నా వెనకనుంచి బాబాయి మెల్లగా చదవసాగాడు. ఎనభై. వంద. నూట ఇరవై. బుడగ చిక్కిపోవడం చూశాను. నూట ముప్పై. ఆవగింజంత అయింది. నూట ముప్పై ఎనిమిది. మూలకు పారిపోయింది.

"పోయింది బాబాయ్! పోయింది!"

"బాగా చూశావా?"

"బాగా చూశాను!"

బాబాయి నా చెయ్యి పట్టుకుని ఆ పళ్ళెం మీద పెట్టాడు. కాలుతుందని చెయ్యి లాక్కోబోయాను. పళ్ళెం శీతాకాలపు కారు తలుపులా చల్లగా ఉంది.

"స్విచ్చే వెయ్యలేదురా తల్లీ."

మళ్ళీ కంటిని అద్దానికి ఆనించాను. బుడగ అక్కడే ఉంది. అంతే ఉంది. అలాగే కొట్టుకుంటోంది. నాకు భయమేసింది. "కానీ నేను చూశాను" అన్నాను.

"చూశావు. అబద్ధమాడావని నేననట్లేదు. నేను చెప్పింది చూశావు." కుర్చీ దగ్గరికి లాక్కుని నా ఎదురుగా కూర్చున్నాడు. "ఇప్పుడు గురువారం సంగతి చెప్పు. నీకెవరూ ఏమీ చెప్పకముందు ఏం చూశావు?"

"వాడు నించుని ఉన్నాడు."

"చెయ్యి ఎత్తాడా?"

చాలాసేపు వెతుక్కున్నాను. ఎత్తిన చెయ్యి నా కళ్ళముందు స్పష్టంగానే ఉంది. కానీ ఆ చేతికి చొక్కా లేదు, మోచెయ్యి లేదు, రంగు లేదు. "తెలీదు" అన్నాను. తర్వాత ఏడుపు ఆగలేదు.

అప్పుడు రుమాలు విప్పాడు. మా వంటింటి రాయికి ఒక పక్కన, ఒకే మొననుంచి విసనకర్రలా విచ్చుకున్న గీతలున్నాయి. ఆకాశపు దెబ్బ తిన్న రాతికి తప్ప ఆ గీతలు రావని, చుట్టుపక్కల అలాంటి రాయి ఆ క్వారీలో తప్ప లేదని చెప్పాడు. కిటికీ మీది చూరుకు కొత్త చిల్లు పడిందని, దాని అంచులు కిందికి వంగి ఉన్నాయని, అంటే రాయి పైనుంచి వచ్చిందని చెప్పాడు. గురువారం క్వారీలో పేల్చినప్పుడు ఒక రాయి దారితప్పి ఎగిరి ఉండొచ్చు. నేను గబగబా కళ్ళు తుడుచుకుని, అయితే వాడు కాదని తేలిపోయినట్టేగా అన్నాను. నేను చెప్పక్కర్లేకుండా ఆ రాయే చెప్పేస్తుందని నా ఆశ.

"తేలలేదు. ఈ క్వారీ కంకర ఊరంతా పరిచి ఉంది. ఎవడైనా తీసి ఎత్తుగా విసరొచ్చు. వాడు విసరలేదని ఈ రాయి చెప్పదమ్మా. విసిరాడని చెప్పింది నువ్వు."

ఆ సాయంత్రం ఇద్దరం ఎదురింటి తలుపు కొట్టాం. ఇంట్లో చెప్పి వెళ్దామంటే బాబాయి ఒప్పుకోలేదు, ముందు వీళ్ళకే చెప్పాలన్నాడు. ఆ అబ్బాయి నాన్న తలుపు తీశాడు. షెరిఫ్ మనిషికి చెప్పింది నేను చూడలేదనే మొదటి వాక్యం అన్నాను. ఆయనకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమవగానే ముఖం కందిపోయి నా మీదికి చెయ్యెత్తాడు. తాను కొట్టినదంతా ఎవరో తన చేత కొట్టించారని అప్పుడే తెలిసినవాడి ముఖం అది. ఈ చివరి మాట నా ఊహ, ఆయన మనసులోకి నేను తొంగిచూడలేదు. బాబాయి మధ్యకు వచ్చాడు. దెబ్బ అతని దవడకు తగిలింది. కళ్ళజోడు ఎగిరి సిమెంటు మీద పడి పగిలింది. బాబాయి చెయ్యెత్తలేదు. నోట్లోని రక్తం పచ్చికలో ఉమ్మేసి తెలుగులో నాతో, "ఆపకు. పూర్తిగా చెప్పు" అన్నాడు.

వాళ్ళ నాన్న వెనక, మెట్ల మీద, అబ్బాయి కనిపించాడు. ముఖం ఒకవైపు ఉబ్బి కన్ను మూసుకుపోయి ఉంది. నేను వాడినే చూస్తూ, "ఐ డిడ్ నాట్ సీ యూ త్రో ఇట్" అన్నాను. వాడు తలను నెమ్మదిగా పక్కకు తిప్పి, రెండో చెవిని నా వైపు పెట్టి, "వాట్?" అన్నాడు.

సోమవారం నాన్న నన్ను షెరిఫ్ ఆఫీసుకు తీసుకెళ్ళారు. చూసింది మాత్రమే చెప్పాను. కేసు అక్కడితో ఆగింది. క్వారీ మనుషులు వచ్చి చూరు చిల్లును చూసి, తప్పు తమదని ఒప్పుకోకుండానే కొత్త అద్దం వేయించి వెళ్ళారు. అమ్మ కనుబొమ్మ మీద గీత మిగిలింది. ఆ వేసవిలో ఎదురింటివాళ్ళు ఊరు వదిలి వెళ్ళిపోయారు.

అది అబద్ధమా, భ్రమా అని నన్ను నేను చాలాసార్లు పరీక్షించుకున్నాను. తేల్చలేకపోయాను. బస్సులో చిట్లిన నా పెదవే ఆ చెయ్యిని ఎత్తించిందని మాత్రం అనుకుంటాను. ఆ తర్వాత నా జీవితమంతా ఇతరుల పరిశోధనలను సరిచూడటంలోనే గడిచింది. "స్పష్టంగా కనిపించింది" అని ఎవరైనా రాస్తే అక్కడే ఆగిపోతాను. కఠినురాలినని పేరు. కానీ ఆ రోజునుంచి నేను మోస్తున్నది ఆ జాగ్రత్త కాదు, వాడు తిప్పిన ఆ తల. చెవి తర్వాత బాగైపోయి ఉంటుందిలే, పిల్లల దెబ్బలు త్వరగా మానతాయిలే అని, పోయే ముందు అమ్మ కూడా నాతో అంది. అయి ఉండొచ్చు. నేను చూడలేదు. నాకు తెలిసిందల్లా ఇంతే: ఆ సాయంత్రం ఆ వాక్యాన్ని నేను రెండోసారి, మరింత గట్టిగా చెప్పవలసి వచ్చింది.