ఆరూ ఇరవై తొమ్మిదికి తిజానీ గుండె

సాయంత్రం ఐదు దాటాక సందులో సైకిలు గంట వినిపిస్తే చాలు, మబ్రూకా మగ్గం ముందు నుంచి లేచి పొయ్యి మీద నీళ్ళు పెట్టేది. తిజానీ లోపలికొచ్చి, వాకిట్లో పీట వాల్చుకుని కూర్చుని, ఎర్ర టోపీ తీసి తల వంచేవాడు. జుట్టు నిండా తెల్లటి జిగురు. మధ్యాహ్నం పెట్టిన జిగురు సాయంత్రానికి పెచ్చులు కట్టేసేది. గోరువెచ్చటి నీళ్ళు పోస్తూ, సన్న పళ్ళ దువ్వెనతో ఆ పెచ్చులన్నీ లాగడం ఆమె పని. పన్నెండేళ్ళ పాటు అదే పని.

తిజానీది ఊరి చివర కాలేజీలో ఉద్యోగం. మనుషుల తలకీ, గుండెకీ, వేళ్ళకీ జిగురు రాసి తీగలు తగిలించి, భయం వేస్తే ఒంట్లో ఏమవుతుందో, ప్రేమ కలిగితే ఏమవుతుందో గీతలుగా తీసే గది అది. ఆ తీగల టోపీలు కడిగి ఆరబెట్టేది తిజానీ. ఎవరికైనా పెట్టే ముందు తీగలన్నీ సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూడ్డానికి మొదట తన తలకే పెట్టుకునేవాడు.

"ఇవాళ ఎవరి మనసు చూశారు?" అనేది మబ్రూకా, నీళ్ళు పోస్తూ.

"ఇద్దరు కుర్రవాళ్ళది, ఒక బ్యాంకు గుమస్తాది. ముందు నాది."

"నీ దాంట్లో ఏం కనిపించిందట?"

"ఇరవై తీగలు పెట్టి వెతికారు. ఏమీ లేదని తేల్చారు. నీకు ముప్పై ఏళ్ళు పట్టింది, వాళ్ళకి పది నిమిషాలు."

అతను ఒక రోజులో ఆడే మాటలు దాదాపు అంతే. ఆ తర్వాత టీ, వార్తలు, నిద్ర. పిల్లలు లేని ఇంట్లో ఆ మౌనం ఇంకో మనిషిలా వాళ్ళతోనే కాపురం చేసింది. నువ్వంటే నాకిష్టం అని తిజానీ ఎన్నడూ అనలేదు. మబ్రూకా అడగనూ లేదు. అలాంటివి అడిగే ఆడవాళ్ళని ఆమె టీవీలో తప్ప చూడలేదు.

జూన్ నెలలో ఒక మధ్యాహ్నం పడుకున్నవాడు మళ్ళీ లేవలేదు. ఇప్పుడు సాయంత్రం ఐదింటికి ఆమె మగ్గం ముందు నుంచి లేవడం లేదు. వెలుతురు తగ్గి ముడులు కనపడకుండా పోయేదాకా నేస్తూనే ఉంటుంది. తివాచీ మాత్రం ఎప్పుడూ లేనంత వేగంగా పెరుగుతోంది.

అతను పోయిన మూడో రోజున కాలేజీ నుంచి నౌరెస్ అనే డాక్టరమ్మ పరామర్శకి వచ్చింది. ఇంకా ముప్పై నిండని పిల్ల, సముద్రం పక్క ఊరిది. మబ్రూకా చేతులు పట్టుకుని ఏడ్చి, ఏదో ఒకటి చెప్పి ఊరడించాలని ఆ మాట చెప్పింది.

"పిన్నీ, రంజాన్లో కొత్త మిషను సరిచూసుకోవడానికి బాబాయికి నీ గొంతు వినిపించాం. దగ్గరివాళ్ళ గొంతుకీ పరాయి గొంతుకీ ఒళ్ళు ఎలా పలుకుతుందో చూసే పని. పరాయామె మాట్లాడితే గీత కదల్లేదు. నీ గొంతు రాగానే ఒక్కసారిగా లేచింది. అంత ఎత్తు లేవడం నేను చూడలేదు."

అప్పుడు గుర్తొచ్చింది మబ్రూకాకి. రంజాను ముందర ఒక రోజు తిజానీ ఫోను ఆమె నోటి దగ్గర పెట్టి, "ఏదైనా అను," అన్నాడు.

"ఏమనమంటావు?"

"రోజూ అనేదే."

"తిజానీ, నీళ్ళు కాగాయి, చల్లారకముందే రా," అంది ఆమె. అతను ఫోను జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. ఎందుకో చెప్పనూ లేదు.

మొగుడు పోయిన ఆడది పాటించే నాలుగు నెలల పది రోజుల ఇద్దత్తూ మబ్రూకా ఆ ఒక్క మాట పట్టుకుని గడిపింది. గడప దాటకుండా, సుర్మా పెట్టకుండా, ఇంట్లో తిరుగుతూ అదే తల్చుకునేది. లేచిందట. నా గొంతుకి లేచిందట. ఒకటి రెండుసార్లు పైకే అనేసి, తిజానీ అక్క షెద్లియాకి దొరికిపోయింది.

"గుండె మీద బిళ్ళలంటించి ఏళ్ళ తరబడి చూశారు," అంది షెద్లియా. "అది ఆగిపోబోతోందని మాత్రం చెప్పలేకపోయారు. వాళ్ళ మాట పట్టుకుని నువ్వు మురుస్తున్నావు!"

"వాళ్ళు చూసేది జబ్బు కాదు వదినా."

"మరేం చూస్తారు?"

"లోపల ఏమవుతోందో."

"అదే కదమ్మా జబ్బంటే!"

ఇద్దత్తు తీరడానికి రెండు రోజుల ముందు నౌరెస్ ఫోను చేసింది. పాత కంప్యూటరు తీసేస్తున్నారనీ, సరిచూసుకోవడానికి తీసిన గీతలు ఎవరూ దాచరనీ, గురువారం అన్నీ తుడిచేస్తారనీ చెప్పింది. "చూడాలని ఉంటే ఈలోగా రా పిన్నీ," అంది.

ఇద్దత్తు తీరిన రోజు బుధవారం. పొద్దున్నే షెద్లియా సబ్బులు, తువ్వాళ్ళు, తలకి రాసుకునే మట్టి అన్నీ బుట్టలో సర్దుకుని వచ్చేసరికి, మబ్రూకా తల నుంచి కాళ్ళ దాకా తెల్ల సెఫ్సారీ కప్పుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"హమ్మాముకి తయారేనా?"

"హమ్మాముకి సాయంత్రం పోదాం వదినా. నాకు కాలేజీలో పని ఉంది."

షెద్లియా బుట్ట దింపేసింది. "నాలుగు నెలల తర్వాత మొదటి అడుగు బయటపెడుతూ, మిషన్ల గదికా? స్నానానికి కాదు, సమాధి దగ్గరికి కాదు?"

"సమాధి రేపటికీ ఉంటుంది," అంది మబ్రూకా. అనేశాక అలా అనాల్సింది కాదని తోచింది గానీ, అప్పటికే సందు మలుపు తిరిగింది.

గది ఆమె అనుకున్నంత పెద్దదేం కాదు. ఒక కుర్చీ, రెండు తెరలు, కిటికీకి నల్లటి గుడ్డ. గోడకి కొక్కేలు, వాటికి వేలాడుతున్న తీగల టోపీలు. వాటిని కడిగినవాళ్ళు ఎవరో గాని తీగలు విడదీయకుండా చిక్కుపెట్టి తగిలించారు. మబ్రూకా చేతులు వాటి మీదికి పోబోయి ఆగాయి.

నౌరెస్ కుర్చీ వేసి, తెర మీద గీతలు తెచ్చింది. పై నుంచి కిందికి చాలా గీతలు, మగ్గం మీద పడుగు దారాలు అడ్డంగా పడుకున్నట్టు.

"ఇవి తలవి. ఇది గుండెది. అన్నిటికన్నా కింద ఉన్నది వేళ్ళ చెమటది. మనసు కదిలితే వేళ్ళకి కంటికి కనపడనంత చెమట పడుతుంది, అప్పుడు ఈ గీత పైకి లేస్తుంది. ఇదిగో ఈ ఎర్ర గుర్తు దగ్గర నీ గొంతు మొదలైంది. ఇక్కడ చూడు."

చెమట గీత కొండలా లేచి ఉంది. మబ్రూకా చాలాసేపు చూసింది. ఈ కొండ చూడ్డానికే కదా నాలుగు నెలలు బతికింది.

గీతలు చదవడం ఆమెకి కొత్త కాదు. పదేళ్ళ వయసు నుంచి ముడులు లెక్కపెట్టి తివాచీలు నేసిన మనిషి. ఒక వరసలో ఒక్క ముడి తప్పినా నాలుగడుగుల దూరం నుంచి కనిపెడుతుంది. ఆ కన్నే ఇప్పుడు ఆమెని కుదురుగా ఉండనివ్వలేదు.

"అన్నీ ఒక్కసారే అదిరాయేం? తలవి కూడా."

"అవును, మెడ కదిలినట్టుంది."

"గొంతు మొదలైంది ఇక్కడ. అదిరింది ఇక్కడ. మధ్యలో ఇంత ఎడం ఉంది."

"రెండు మూడు సెకన్లు ఆలస్యం ఉంటుంది పిన్నీ, చెమటకి."

"ఇది రెండు మూడు కాదు కదా?"

నౌరెస్ ముందుకి వంగింది. "ఏడు," అంది మెల్లగా.

"ఈ అడుగున ఉన్న అంకెలేమిటి?"

"టైము. ఆరూ ఇరవై తొమ్మిది."

"రంజాన్లో ఏ రోజు?"

"ఇరవై మూడు."

ఆ రోజు మబ్రూకాకి బాగా తెలుసు. సూపు దించి, గుడ్డు పెట్టి మడిచిన బ్రిక్కులు వేయించి, ఖర్జూరాలు పెట్టి, గోడ గడియారం కింద ఒంటరిగా కూర్చున్న రోజు. తిజానీ రాలేదు, ఫోనూ చేయలేదు. క్యాలెండరు కాగితంలో ఆ రోజు గడికి ఎదురుగా ఉన్న ఇఫ్తారు టైము ఆమె నూరుసార్లు చదివింది.

"ఆరూ ఇరవై తొమ్మిదికి ఫిరంగి పేలుతుందమ్మా," అంది.

"ఏ ఫిరంగి?"

"ఉపవాసం విడిచే ఫిరంగి. కోట గోడ మీద నుంచి. ఈ కిటికీకి ఎంత దూరమని? అద్దాలు అదిరిపోవూ?"

నౌరెస్ చెయ్యి నోటి మీదికి పోయింది. వాళ్ళ ఊళ్ళో ఫిరంగి లేదు, మసీదు బాంగు విని విడిచేస్తారు. ఆ పూట తను కింది అంతస్తుకి ఖర్జూరాలు, నీళ్ళు తేవడానికి వెళ్ళింది, ఏదో పేలినట్టు వినపడినా పట్టించుకోలేదు. అతని చెవులకి పెట్టిన మిషను ఉంది కదా, బయటి చప్పుడు వినపడదులే అనుకుంది. మర్నాడు ఎర్ర గుర్తు చూసింది, కొండ చూసింది, రెండూ కలిపేసింది.

"పొద్దుటి నుంచి సిగరెట్టు లేదు, కాఫీ లేదు," అంది మబ్రూకా. "ఫిరంగి కోసమే ఒళ్ళంతా చెవులు చేసుకుని ఉంటాడు. దానికి లేచాడు. నాకు కాదు."

"పిన్నీ, నేను... నీకు చెప్పే ముందు సరిగ్గా చూడాల్సింది."

"ఇంకోసారి వినిపించలేదా, ఆ రోజు?"

"వినిపిద్దామనే అనుకున్నాం. బాబాయి వద్దన్నాడు. రెండు ఖర్జూరాలు నోట్లో వేసుకుని, తల కూడా తుడుచుకోకుండా సైకిలెక్కేశాడు. అంత తొందర ఎప్పుడూ చూడలేదు."

మబ్రూకా కళ్ళు మూసుకుంది. అతను వచ్చేసరికి ఏడు దాటింది. ఆమె కోపంతో లేవలేదు. ముఖం మగ్గం వైపు తిప్పుకుని కూర్చుంది. నీళ్ళు పెట్టలేదు. వాకిట్లో తిజానీ తనే కుళాయి విప్పుకుని, మార్చి నెల చలిలో చన్నీళ్ళతో తల కడుక్కున్న చప్పుడు వింది. బాగా అయింది అనుకుంది కూడా. నీళ్ళు కాగాయి, చల్లారకముందే రా అనే ఆమె గొంతు అప్పటికి అరగంట కిందటే అతని చెవుల్లో పడి ఉంది. అది విని తొందరపడి ఇంటికొచ్చిన మనిషికి దొరికింది చన్నీళ్ళు. అతను ఒక్క మాట అనలేదు. సూపు వేడి చేసుకుని తాగి పడుకున్నాడు.

కళ్ళు వాచిపోయేలా ఏడవాలనిపించింది గానీ, పరాయి పిల్ల ముందు ఏడవలేక మళ్ళీ తెర వైపే చూసింది. ఏదో ఒకటి చూడాలి కదా అని గుండె గీత చూసింది. వరసగా ముళ్ళు, ముల్లు తర్వాత ముల్లు.

"ఇవి ఇక్కడ ఎందుకిలా ఎడమెడంగా ఉన్నాయి?"

"ఎక్కడ?"

"నా గొంతు మొదలైన చోట. ఫిరంగికి ముందు. అంతకుముందు దగ్గర దగ్గరగా నేసినట్టున్నాయి. ఇక్కడ వదులైంది."

నౌరెస్ కొలిచింది. మళ్ళీ కొలిచింది.

"గుండె నెమ్మదించింది," అంది.

"నెమ్మదించడమా?" మబ్రూకాకి అది అవమానంలా తోచింది. "ఇష్టమైతే వేగంగా కొట్టుకోవాలి కదా?"

"అన్నిసార్లూ కాదు పిన్నీ. మనిషి దేన్నైనా మనసు పెట్టి వింటే గుండె కాస్త ఆగి ఆగి కొట్టుకుంటుంది. వినడానికి చోటిచ్చినట్టు."

"పరాయామె గొంతుకి?"

నౌరెస్ ఆ చోటుకి వెళ్ళి చూపించింది. అక్కడా నెమ్మదించింది, కొంచెం. ఇక్కడంత కాదు.

"అయితే నా గొంతుకే ఎక్కువ."

"ఎక్కువే." నౌరెస్ ఈసారి మాటని తూచి పలికింది. "కానీ ఒక్కసారే పిన్నీ. ఒక్కసారి తీసింది మాకు లెక్కలోకి రాదు. ఇరవై, ముప్పై సార్లు వినిపించి చూస్తేగాని ఇది అదే అని చెప్పలేం. ఇంకోసారి నీకు లేనిపోనిది చెప్పలేను."

"ఇరవై సార్లు," అంది మబ్రూకా. రోజూ అనేది. పన్నెండేళ్ళు అంది. ఒక్కనాడూ ఎవరూ తీగలు పెట్టలేదు.

నౌరెస్ ఆ ఎర్ర గుర్తు దగ్గరి గీతలు కాగితం మీద అచ్చు వేసి, చుట్ట చుట్టి చేతికిచ్చింది. మెట్ల దాకా వచ్చి, "నా మీద కోపంగా ఉందా?" అని అడిగింది.

"నాలుగు నెలలు నన్ను లేపి కూర్చోబెట్టావు. కోపమెందుకు?" అంది మబ్రూకా. "ఆ టోపీల తీగలు విడదీసి తగిలించమను. అలా ఉంచితే తెగిపోతాయి."

ఇంటికి వచ్చేసరికి షెద్లియా వంటింట్లో ఉంది. బల్ల మీద ఒక గుడ్డ సంచీ, కొత్త జల్లెడ.

"చూశావా? తృప్తా?"

"చూశాను."

"ఏముందట?"

"తెలియదంట."

"చదువుకున్నవాళ్ళంతా ఇంతే. సరే, ఇటు విను. కూరకి మలూఖియా ఆకు పొడి తెచ్చాను, మా అత్తగారి ఇంట నూరిందే. రేపు పొద్దున్నే గిన్నె ఎక్కించాలి, సాయంత్రానికి గాని ఉడకదు. ఇద్దత్తు తీరిన ఇంట పచ్చటిది ఉడికితేనే దుఃఖం వదిలినట్టు. మా అమ్మకీ అంతే చేశాం. వీధిలో ఎనిమిదిమందికి చెప్పేశాను. ఈ రాత్రికి నువ్వు సన్నగా జల్లించి ఉంచు, లేకపోతే ఉండలు కడుతుంది."

"అలాగే."

"నోటితో అలాగే అనడం కాదు, మూడుసార్లు జల్లించాలి."

"అలాగే వదినా."

హమ్మాముకి వెళ్ళొచ్చారు. షెద్లియా ఆమె వీపు తోమింది, తల తోమింది, మాట్లాడుతూనే ఉంది. గుమ్మం దాకా దింపి, సంచీ సంగతి ఇంకోసారి గుర్తు చేసి వెళ్ళింది.

మబ్రూకా దీపం వేసి బల్ల దగ్గర కూర్చుంది. సంచీ ముడి విప్పింది. ఎండిన ఆకు వాసన వచ్చింది. జల్లెడ చేతిలోకి తీసుకుని, పళ్ళెం మీద పెట్టి, గుప్పెడు పొడి వేసింది. రేపటికి ఇది ఉడికి, ఎనిమిదిమంది తిని, వేళ్ళు తుడుచుకుని, ఇక అయిపోయిందని ఆమె బుగ్గలు ముద్దు పెట్టుకుని వెళ్తారు. లెక్కలోకి రానిదేదో ఇంకా తేలకుండానే.

గుప్పెడు పొడినీ తిరిగి సంచీలో పోసింది. సంచీకి ముడి వేసింది. జల్లెడ బోర్లించింది. రేపు వదిన వస్తే ఏమంటుందో అన్నీ తెలుసు, ఏ మాట తర్వాత ఏ మాటో కూడా తెలుసు. అననీ. ఆమె కాగితం చుట్ట విప్పి బల్ల మీద పరిచి, నాలుగు మూలలకీ నాలుగు గ్లాసులు పెట్టి, ఎడమెడంగా ఉన్న ముళ్ళని వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టడం మొదలుపెట్టింది.