స్టాంపర్ల ఇంటి దగ్గు

కెంటకీ తూర్పు కొండల్లో స్లేట్‌బ్రాంచ్ లోయ పేరు బయటివాళ్ళకి తెలియకపోతే నష్టం వాళ్ళకే. ఈ లోయ తవ్విపోసిన బొగ్గుతో ఎన్ని పట్నాలు వెచ్చగా పడుకున్నాయో ఎవరూ రాసిపెట్టలేదు. గని కప్పు కూలిన రోజున ఇద్దరు మనుషుల్ని చెరో భుజాన వేసుకుని బయటికి నడిచివచ్చిన హోబర్ట్ స్టాంపర్ ఈ లోయవాడే. సమ్మె కాలంలో మంచు మోకాళ్ళదాకా పడ్డా గేటు ముందు నుంచి కదలనివాడు, చర్చి గంటగోపురాన్ని చేతులతో ఎత్తి నిలబెట్టినవాడు కూడా ఆయనే. ఆయన చదివింది వాగుమలుపు బడిలో ఎనిమిదో తరగతి. అయినా ఆయన మాటకి లోయలో ఎదురు లేదు.

ఆయన మనవరాలు రీనా. జిల్లా లెక్కల పోటీలో పట్నం బళ్ళన్నిటినీ వెనక్కి నెట్టిన పిల్ల. తల్లి చిన్నప్పుడే పోతే తండ్రి డారెల్, తాత హోబర్ట్ కలిసి పెంచారు. రాష్ట్ర విశ్వవిద్యాలయం స్కాలర్‌షిప్ ఇచ్చి మరీ పిలిచింది. ఆ సంగతి మంగలి క్లీటస్ దుకాణంలో హోబర్ట్ ఎన్నిసార్లు చెప్పాడంటే, చివరికి క్లీటస్ కత్తెర ఆపి, "ఏం హోబర్టూ, ఇంక మిగిలింది నా కుర్చీకి చెప్పడమే. చెప్పేయ్, అదీ వింటుంది" అన్నాడు.

"వింటే దానికే మంచిది. రేపు దానిమీద కూర్చునేది డాక్టరమ్మ తాత" అన్నాడు హోబర్ట్.

అప్పటికే డారెల్ ఊపిరితిత్తుల నిండా బొగ్గు దుమ్ము. రీనా రెండో ఏడాది చదువుతుండగా ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టారు. అప్పట్నుంచి ఆ పిల్ల గురువారం సాయంత్రం కారెక్కి కొండలు దాటి ఇంటికి వచ్చేది, మంగళవారం గాని తిరిగి వెళ్ళేది కాదు. సోమవారం రసాయనశాస్త్రం ప్రయోగశాల. వరసగా పోయింది. శుక్రవారం పరీక్షలు పోయాయి. ఇంట్లో తండ్రి ఉమ్మే కప్పు కడగడం, గొట్టం మార్చడం, దిండ్లు ఎత్తుగా పేర్చి కూర్చోబెట్టడం. అక్కడ కాలేజీలో మార్కుల సగటు నాలుక్కి రెండు కూడా దాటలేదు. స్కాలర్‌షిప్ తీసేశారు.

ఆ పిల్ల ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. ఇది మొండితనం అనుకుంటే పొరపాటు. స్టాంపర్ల ఇంట్లో అదొక నియమం.

హోబర్ట్ పెళ్ళికి ముందు మాట. పట్నాల నుంచి కెమెరాలవాళ్ళు కొండల్లోకి వచ్చి, బీదవాళ్ళెక్కడున్నారో చూపించమని దారి అడిగిన రోజులు. హోబర్ట్ తల్లి చెత్తబొగ్గు కుప్పమీద గుప్పెడు గుప్పెడు ఏరుకుంటుంటే ఒకడు ఫొటో తీశాడు. అది పత్రికలో వచ్చింది. దేశం నలుమూలల నుంచి పెట్టెలు రావడం మొదలైంది. చిరిగిన పరికిణీలు, జత లేని బూట్లు. ఆ తల్లి ఆపైన చర్చికి రావడమే మానేసింది. హోబర్ట్ పెట్టెలన్నీ వాగు ఒడ్డున తగలబెట్టి, ఇంటిల్లిపాదినీ నిలబెట్టి చెప్పాడు: "మన కష్టం బయటివాడి ముందు విప్పకూడదు. చస్తే చద్దాం." డారెల్ ఆ మాట వింటూ పెరిగాడు. డారెల్ కూతురూ అంతే.

డారెల్ పోయాడు. రీనా ఎలాగో పట్టా తెచ్చుకుంది. తెచ్చుకుని, జిల్లా అంబులెన్సులో పనికి చేరింది. ఇక్కడ ఆ పిల్ల సంగతి చెప్పుకోవాలి. వరద వచ్చి వంతెన కొట్టుకుపోయినప్పుడు అంబులెన్సు వెనక కూర్చుని ఒకావిడకి పురుడు పోసింది. పుట్టిన బిడ్డకి రీనా పేరే పెట్టుకున్నారు. పని చేస్తూనే దగ్గర్లో ఉన్న చిన్న కాలేజీలో చేరి, పోయిన సబ్జెక్టులన్నీ మళ్ళీ చదివింది. వాటిమీద ఇంకా పెద్ద సబ్జెక్టులు చదివింది. అన్నిట్లోనూ పై గ్రేడే. వైద్యవిద్య ప్రవేశపరీక్షలో ఆ కాలేజీలో అంతవరకూ ఎవరికీ రానన్ని మార్కులొచ్చాయి.

కానీ వైద్య కళాశాలల లెక్క వేరు. మళ్ళీ చదివినా పాత మార్కు చెరిగిపోదు. కొత్తది దాని పక్కన కూర్చుంటుంది, అంతే. రెండూ కలిపి సగటు కడతారు. అన్ని ఏళ్ళు ఒళ్ళు హూనం చేసుకుంటే ఆ సగటు మూడు దాటి ఇంకొంచెం పైకి పాకింది, వైద్యవిద్యకి అది తక్కువే. దరఖాస్తులో, జీవితంలో ఎదురైన ఇబ్బందులు రాయండి అని ఖాళీ జాగా ఉంటుంది. రీనా దాన్ని ఖాళీగానే వదిలింది.

అయినా రాష్ట్రంలో ఒక కళాశాల ఇంటర్వ్యూకి పిలిచింది. హోబర్ట్ తన అంత్యక్రియలకని దాచుకున్న టై తీసి, "నువ్వు కట్టుకునేది కాదు గాని, సంచిలో పెట్టుకో. స్టాంపర్ల వస్తువు ఒకటి ఆ గదిలో ఉండాలి" అన్నాడు.

బయట గదిలో రీనా పక్కన గ్రాంట్ ఎల్స్‌వర్త్ అనే కుర్రాడు కూర్చున్నాడు. లూయివిల్‌లో సర్జన్ కొడుకు. కాళ్ళూపుతూ పలకరించాడు.

"నువ్వెక్కడి నుంచి?"

"స్లేట్‌బ్రాంచ్."

"అరే! మా చర్చి తరఫున ఒక వేసవి అక్కడికొచ్చాం. ఇళ్ళకి రంగులేశాం. నా వ్యాసమంతా దాని గురించే తెలుసా? ఒక ముసలాయన, వరండాలో, ముక్కులో గొట్టం. దగ్గు ఆగేది కాదు. ఆయన పక్కన కూర్చున్నప్పుడే నేను డాక్టర్ని కావాలనుకున్నా."

"ఆయన పేరేంటి?"

"పేరా? గుర్తులేదు. మంచాయన. నిమ్మరసం ఇచ్చాడు."

అది తన తండ్రేనా అని రీనా అడగలేదు. అడిగినా తేలేది కాదు. ఆ లోయలో వరండాకొక దగ్గు ఉంది. ఆ 'ముసలాయన'ల్లో సగంమందికి యాభై నిండలేదు.

లోపల డాక్టర్ పెండర్‌గాస్ట్ అనే పెద్దాయన కాగితాలు తిప్పి, మర్యాదగానే అడిగాడు. "తర్వాతి మార్కులు అద్భుతంగా ఉన్నాయి. మరి ఆ రెండేళ్ళూ ఏమైందమ్మా?"

"చదవలేదండి."

"ఏదైనా కారణం?"

"తప్పు నాదేనండి. ఇంకెవరిదీ కాదు."

ఆయన ఇంకాసేపు ఎదురు చూశాడు. రీనా ఆయన కళ్ళలోకి చూస్తూ కూర్చుంది. తాత వింటే గర్వపడే జవాబు చెప్పానని అనుకుంది. ఇంటికొచ్చి చెబితే ఆయన గర్వపడ్డాడు కూడా. క్లీటస్ దుకాణంలో ఆ జవాబే నాలుగు రోజులు నడిచింది.

సీటు గ్రాంట్ ఎల్స్‌వర్త్‌కి వచ్చింది. రీనాకి రాలేదు. కారణం అడిగితే కళాశాలవాళ్ళు ఫోనులో చెప్పారు: మీ వైఫల్యాన్ని మీరే అర్థం చేసుకున్నట్టు మాకనిపించలేదు.

చిన్న కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే హాల్వర్సన్ మేడమ్ మిన్నెసోటా మనిషి. తలుపు వేసి, రీనాని కూర్చోబెట్టింది.

"నా దగ్గర ఒక్క తరగతీ మానలేదు నువ్వు. అక్కడ మాత్రం ప్రయోగశాల కూడా తప్పావు. ఎవరికి బాగోలేదు?"

రీనా చెప్పింది. అదే మొదటిసారి బయటి మనిషికి చెప్పడం. మేడమ్ అద్దాలు తీసి బల్లమీద పెట్టింది.

"పిచ్చిపిల్లా! అప్పుడే డీన్ దగ్గరికెళ్ళి ఒక్క మాట అని ఉంటే, ఆ చదువు మధ్యలో ఆపనిచ్చేవాళ్ళు. ఆ మార్కులు నీకు అంటుకునేవే కావు. దానికో పద్ధతుంది."

"నాకు తెలీదు మేడమ్."

"ఎవర్నైనా అడగాల్సింది."

"అడగాలంటే ముందు చెప్పాలిగా."

మేడమ్ అద్దాలు మళ్ళీ పెట్టుకుని, "ఈసారి రాయి. రాయకపోతే నేను నీకు సిఫారసు ఇవ్వను. బెదిరింపే అనుకో" అంది.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాక హోబర్ట్ మొక్కజొన్న రొట్టె ముక్క తుంచి గింజల పులుసులో అద్దుకుంటుంటే రీనా మొదలుపెట్టింది.

"తాతా, నాన్న సంగతి దరఖాస్తులో రాస్తాను."

"ఏ సంగతి?"

"జబ్బు సంగతి. నేను ఇంటికి రావడం."

"ఎందుకు? ఆ దొరలు నీకు వాడి బదులుగా సీటిస్తారా?"

"అబద్ధం రాయట్లేదుగా."

"నిజం కాబట్టే రాయొద్దంటున్నా. అబద్ధమైతే ఎంతైనా రాసుకో, నాకేం పోయింది? పిల్లా, వాడు చివరి ఊపిరిదాకా ఎవడినీ జాలి అడగలేదు. ఇప్పుడు గోతిలో ఉన్నవాడి చెయ్యి పట్టుకుని అడుక్కోవడానికి తీసుకెళ్తావా?"

"రంగులెయ్యడానికొచ్చిన ఎవడో కుర్రాడు మన వరండాల మీద దగ్గు చెప్పుకుని సీటు తెచ్చుకున్నాడు తాతా. పక్కనే కూర్చున్నా నేను. ఎవడైనా చెప్పుకోవచ్చు, నేను తప్ప?"

"వాడు పట్నపోడు. వాడికి సిగ్గు లేదు. నీకూ లేకపోతే వాడికీ నీకూ తేడా ఏంటి?"

"తేడానా? వాడు వచ్చే ఏడు శవాన్ని కోసి నేర్చుకుంటాడు. నేను అంబులెన్సు కడుగుతూ ఉంటా."

హోబర్ట్ గిన్నె పక్కకి జరిపి లేచాడు. ఆయన తినకుండా లేవడం ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు.

రీనా రాసింది. ఆ కళాశాలే మళ్ళీ పిలిచింది. మళ్ళీ డాక్టర్ పెండర్‌గాస్టే. ఈసారి ఆయన కాగితాలు తిప్పలేదు, ముందే చదివి ఉన్నాడు. చెప్పమన్నాడు. రీనా చెప్పింది: తండ్రి పడుకుంటే ఊపిరాడక కూర్చునే నిద్రపోవడం, కప్పులో నల్లగా పడేది తనకి కనిపించకుండా చేత్తో మూసుకోవడం, చివరి వారంలో "నీకు కాలేజీ లేదా ఇవాళ?" అని అడిగితే "సెలవు నాన్నా" అని తను అబద్ధం చెప్పడం. అక్కడ గొంతు పూడుకుపోయి ఆగింది. పెద్దాయన కళ్ళు తుడుచుకుని, "థాంక్యూ అమ్మా. చాలా ధైర్యం కావాలి" అన్నాడు.

అదే మధ్యాహ్నం రెండో ఇంటర్వ్యూ ఉంది. వేరే గది, వేరే డాక్టరు, ఈసారి వయసులో చిన్నావిడ. అదే ప్రశ్న. రీనా మళ్ళీ మొదలుపెట్టింది. "సెలవు నాన్నా" దగ్గరికి వచ్చింది. ఈసారి గొంతు పూడుకోలేదు. అయినా అక్కడే ఆగింది. ఆగితే బాగుంటుందని తెలిసే ఆగింది. ఆవిడ కలం కింద పెట్టి ముందుకు వంగింది.

తిరిగి వచ్చేటప్పుడు కొండదారిలో కారు పక్కకి ఆపి, తలుపు తెరిచి వాంతి చేసుకుంది.

సీటు వచ్చింది. ఈ లోయ నుంచి వైద్య కళాశాలలో కాలుపెట్టిన మొదటి మనిషి రీనా స్టాంపర్, ఇది ఎవరూ కాదనలేని మాట. చర్చిలో చప్పట్లు కొట్టారు. క్లీటస్ దుకాణం అద్దానికి కాగితం అంటించాడు. హోబర్ట్ వరండాలో చెక్క చెక్కుతూ కూర్చున్నాడు. రీనా వచ్చి మెట్టుమీద కూర్చుంది.

"ఎంతవరకు చెప్పావు?" అన్నాడు.

"అడిగినంతవరకు."

"కప్పు సంగతి కూడానా?"

"కప్పు సంగతి కూడా."

చాకు ఆగింది. "అది నా కొడుకుది. వాడు నీక్కూడా కనబడకుండా మూసుకున్నాడే. దాన్ని తీసుకెళ్ళి వాళ్ళ బల్లమీద పెట్టడానికి నువ్వెవరివి?"

"కడిగింది నేను తాతా. ప్రతిసారీ నేనే కడిగాను. అందులో నాది కూడా కొంత ఉంది."

"ఉంటే నీది చెప్పుకోవాల్సింది. వాడిది వదిలేయాల్సింది."

"విడదీసి చెప్పడం నాకు చేతకాలేదు."

ఆయన ఇంకేమీ అనలేదు. కోపగించి కేకలు వేసి ఉంటే బాగుండేది. హోబర్ట్ స్టాంపర్ కేకలు లోయ అంతా ఎరుగుదురు, అవి సాయంత్రానికి చల్లారేవి. ఈ మౌనం చల్లారలేదు. ఆ వేసవంతా బల్ల దగ్గర ఆ పిల్లకి ఉప్పు అందించాడు, రొట్టె అందించాడు, మాట మాత్రం అందించలేదు.

ఆ కళాశాలలో చదువు మొదలయ్యే రోజున ఒక వేడుక చేస్తారు. ఒక్కొక్క విద్యార్థినీ వేదిక మీదికి పిలుస్తారు. ఇంటి మనిషి ఒకరు లేచి వచ్చి, తెల్లకోటు తొడుగుతారు. ఎవరిని పిలవాలో ముందే పేరివ్వాలి. రీనా తాత పేరిచ్చింది. ఇంటికి రెండుసార్లు ఫోను చేసి తేదీ, వేళ చెప్పింది. అవతల ఆయన ఎత్తి వింటున్నట్టు ఊపిరి వినపడింది, అంతే.

పేరు పిలిచారు. "రీనా స్టాంపర్. తాతగారు శ్రీ హోబర్ట్ స్టాంపర్." హాలంతా తలలు తిప్పి చూసింది. ఎవరూ లేవలేదు. డీన్ మైకులో మళ్ళీ ఒకసారి ఆ పేరు చదివి, కోటు చేత్తో పట్టుకుని, చిరునవ్వుతో వంగి మెల్లిగా అడిగింది.

"తాతగారికి ఒంట్లో బాగోలేదా అమ్మా? దారిలో ఆలస్యమైందా?"

"బాగానే ఉన్నాడండి. రావడం ఆయనకిష్టం లేదు."

డీన్ చుట్టూ చూసింది. పక్కన నిలబడ్డ డాక్టర్ పెండర్‌గాస్ట్ ఒక అడుగు ముందుకు వేసి, "నేను తొడగనా?" అన్నట్టు చేతులు చాచాడు. ఆయన కళ్ళు అప్పటికే తడిగా ఉన్నాయి.

"వద్దండి" అంది రీనా. కోటు ఆవిడ చేతిలోంచి తీసుకుని, హాలు చప్పట్లు కొట్టాలా వద్దా అని ఆలోచిస్తుండగా, ఒక చెయ్యి తర్వాత ఒక చెయ్యి తనే దూర్చుకుంది. కాలరు వెనక మడత పడింది. సరిచేసేవాళ్ళు లేరు. అలాగే వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది.