వాకిట్లో ఆస్ట్రేలియా

మనవరాలు కొత్త గ్లోబు తెచ్చి బల్లమీద పెట్టగానే నా వేలు ఆస్ట్రేలియా మీదికే పోయింది.

పోలీస్ యాక్షన్ నాటి పిల్లల్లో ఇంకా ఎవరైనా మిగిలారా? మీ సార్లు కూడా మట్టితోనే భూగోళం చెప్పేవారా? బోయిన్‌పల్లిలో మా పక్కింటి మాస్టర్ సాబ్ తన వాకిట్లో ఎర్రమట్టితో ఆస్ట్రేలియా చేశారు. తూర్పు కొండలకు గులకరాళ్లు, నడుమ ఎడారికి ఇసుక, ఈశాన్యాన పగడాల దిబ్బలకు కోడిగుడ్డు పెంకులు. చుట్టూ కాలువ తవ్వి సముద్రమన్నారు. అందులో రోజూ నీళ్లు పోయడం ఆయన కూతురు జుబేదా పని. పొడుగాటి వెదురుకర్రతో చూపిస్తూ ఆయన మాకు పాఠం చెప్పేవారు.

మిలిటరీ వచ్చిన వారంలోనే ఆ కర్ర ఆయన్ని పట్టించింది. రజాకార్ల లాఠీ అన్నారు. మా అమ్మ అడ్డం పడింది.

"అయ్యా, గది పిల్లలకు పటం చూపెట్టే కట్టె! జెర ఇనుండ్రి!"

"మాకు తెల్వదా ఏంది?" అన్నాడు సిపాయిల వెంట వచ్చిన మా గల్లీ మనిషి. అతని కొడుకూ మా పక్కనే కూర్చుని ఆ పాఠం విన్నవాడే.

"సముద్రం ఎండితే అబ్బా వచ్చినంక కోప్పడ్తడు" అంటూ జుబేదా నీళ్లు పోస్తూనే ఉంది. ఎండాకాలం వచ్చింది. మాస్టర్ సాబ్ రాలేదు.

ఈ గ్లోబులో సముద్రాలు ప్లాస్టిక్‌వి. ఎవరూ నీళ్లు పోయనక్కర్లేదు.